ఆరు నెలల తాళం

ఇల్లు మారడం గురించి నన్నడగండి. సూరత్‌లో పదిహేడేళ్ళలో ఎనిమిది ఇళ్ళు మారాను. ఇక్కడ అద్దె కాగితం పదకొండు నెలలకే రాస్తారు. ఆ గడువు దగ్గర పడేసరికి ఇంటాయనకు మేనల్లుడి పెళ్ళో, గోడలకు సున్నమో గుర్తొస్తుంది, మనం మూటలు కట్టుకోవాలి. కట్టీ కట్టీ నా చేయి తిరిగింది. సామాను సర్దడానికి అట్టపెట్టెలు కొనేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది. చీరల మార్కెట్లో పార్సిళ్ళకు చుట్టే ముతక గుడ్డ ఊరికే దొరుకుతుంది, అడగడానికి నోరుండాలి అంతే. స్టీలు గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టి మధ్యలో చీరలు కుక్కితే గిన్నెలు సొట్టపోవు, చీరలకు వేరే సంచీ అక్కర్లేదు. టెంపో పొద్దున్నే మాట్లాడకూడదు. సరుకు దించి ఖాళీగా తిరిగిపోయేవాణ్ణి మధ్యాహ్నం పట్టుకోవాలి, సగానికే వస్తాడు. పొయ్యి, బియ్యం, పప్పు ఆఖర్న ఎక్కించాలి, అప్పుడు అవే ముందు దిగుతాయి. ఆ పూట బయట తిన్నారంటే ఆదా చేసిందంతా హోటలువాడి గల్లాలో పోసినట్టే. ఇక్కడున్న మన తెలుగువాళ్ళు ఎవరు ఇల్లు మారినా ముందు నాకే ఫోన్ చేసేవారు.

అలాంటి నేను ఒకసారి మారనని మొండికేశాను.

కరోనా రెండో వేవ్‌లో మా ఆయన పోయాడు. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పని ఆయనది, పన్నెండు గంటల డ్యూటీ. మూడు రోజులు జ్వరమన్నాడు, నాలుగో రోజు ఊపిరి అందలేదు. అంబులెన్స్ వస్తే తనే మెట్లు దిగి వెళ్ళి ఎక్కాడు. ఆరో రోజు ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. మాకు మొహం చూపించలేదు, ఆ రోజుల్లో ఎవరికీ చూపించడం లేదు. నేనూ, పదో తరగతికి వచ్చిన మా అమ్మాయీ ఇంట్లోనే కూర్చుని ఏడ్చాం. పక్కింటివాళ్ళు అన్నం గిన్నె గడప బయట పెట్టి వెళ్ళేవాళ్ళు.

ఆయన పోయిన మూడో రోజున మా మరిది ఫోన్ చేశాడు. ఆయనకు ఒక్కడే తమ్ముడు. సూరత్‌లోనే నవాగామ్‌లో ఉంటాడు, ఊరి శివారున సచిన్ అనే చోట మిల్లు పనికి పోతాడు.

“వదినా, ఊర్ల పంతులును అడిగిన. అన్న పోయిన నక్షత్రం మంచిగ లేదంట. ఇల్లు ఆర్నెల్లు ఇడిచిపెట్టాలంట.”

ఈ పట్టింపు మనలో ఉన్నదే. చెడు నక్షత్రంలో చావు జరిగితే ఆ ఇంటికి తాళం వేసి అందరూ ఇంకో చోటికి పోవాలి. సొంతిల్లు ఉన్నవాళ్ళకు అది తాళంతో పోతుంది. అద్దెకుండేవాళ్ళకు అది రెండు అద్దెలు. నాకు ఒళ్ళు మండింది.

“మీ అన్న ఇంట్ల పోయిండా? దవాఖానల పోయిండు. ఆర్నెల్లు తాళమేదో గా దవాఖానకే ఎయ్యమను.”

“గట్లంటె ఎట్ల వదినా? పానం పోయింది ఆడనే గని, అన్న ఇల్లు ఇదే గద.”

ఆ తర్వాత ఫోన్ల మీద ఫోన్లు. పెద్దాడబిడ్డ ఊరి నుంచి ఏడుస్తూ చేసింది. అందరూ సలహాలే. ఇల్లు ఖాళీ చెయ్యి, అద్దె మిగులుతుంది. కుట్టుమిషన్ అమ్మెయ్యి, దారి ఖర్చులకు వస్తుంది. పిల్లను తీసుకుని ఊరికి రా, ఆడబిడ్డ ఇంట్లో ఓ మూల ఉండొచ్చు. మూల అన్న మాట నాకు బాగా గుర్తుంది. పర్వత్ పాటియాలో మా ఇల్లు కూడా ఒక గదీ, వంటిల్లే. కానీ కిటికీ పక్కన నా మిషన్ ఉంది. చీరలకు లేసు కుట్టే పని ఆ గల్లీకే వచ్చేది. మార్కెట్ మనిషి రెండు రోజులకోసారి కట్టలు పడేసి, కుట్టినవి పట్టుకుపోయేవాడు. ఆరు నెలలు నేను లేకపోతే ఆ కట్ట ఇంకో కిటికీ కింద పడుతుంది. ఇక పిల్ల పుట్టినప్పటి నుంచీ ఇక్కడే హిందీలో చదివింది. పదో తరగతిలో ఊరికి తీసుకుపోతే దాని చదువు అంతటితో సరి. ఆయన లేడు. ఉన్నవి ఈ రెండే, మిషన్, పిల్ల చదువు. ఆ రెండూ ఆ ఇంటి గోడల మధ్యే ఉన్నాయి.

అయినా ఏడ్చేవాళ్ళ ముందు ఎంతసేపని బిగుసుకుని ఉంటాం? దగ్గర్లో గది దొరికితే మారతానన్నాను. ఇంటాయన గుజరాతీ ముసలాయన. ఆయనకు చెబితే, “వాంధో నహీ బెన్, తాళా లగా దో. భాడా టైమ్ పే దే దేనా” అన్నాడు. తాళం వేసుకుంటే ఆయనకేమీ అభ్యంతరం లేదు, అద్దె మాత్రం వేళకు రావాలి.

మూతికి గుడ్డ కట్టుకుని అమ్మాయీ నేనూ గదుల వేటకు పోయాం. నవాగామ్‌లో మనవాళ్ళదే ఒక ఇల్లు ఖాళీగా ఉంది. ఆ ఇంటావిడ మంచినీళ్ళిచ్చి, ఎందుకు మారుతున్నావని అడిగింది. పదకొండు నెలలు నిండాయని ఒక్క అబద్ధం చెబితే సరిపోయేది, ఇన్ని ఇళ్ళు మారినదానికి ఆ మాత్రం తెలియదా? కానీ ఆయన చావును దాచిపెట్టి గది అడగడానికి నాకు నోరు రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ మొహం మారిపోయింది.

“ఏమనుకోకు చెల్లె. గసొంటి ఇంట్లకెళ్ళి అచ్చినోళ్ళను రానిస్తె మాకు మంచిగుండదు.”

ఇంకో గల్లీలో హిందీవాళ్ళు కరోనా అన్న మాట వినగానే తలుపు వేసేశారు. తిరిగొచ్చేటప్పుడు అమ్మాయి అడిగింది.

“మమ్మీ, ఎవ్వలూ రానియ్యకుంటె మనం రోడ్డు మీద రెహనా క్యా?”

ఇల్లు వదలమనేదీ మనవాళ్ళే, మా ఇంటికి రావద్దనేదీ మనవాళ్ళే. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మధ్యలో నా పిల్ల, నేనూ.

మరిది తనే ఒక గది చూశానన్నాడు, ఆదివారం టెంపో తెస్తానన్నాడు. పొద్దుటి నుంచీ సర్ది మూటలు కట్టి పెట్టాను. ఆయన చొక్కాలు మాత్రం నేను ముట్టుకోలేదు, అవి అమ్మాయి కట్టింది. మధ్యాహ్నానికి టెంపో వచ్చింది. మంచం, బీరువా, మిషన్ అన్నీ ఎక్కాయి. ఎక్కాక మరిది తల గోక్కుంటూ చెప్పాడు.

“వదినా, గా రూమాయన పొద్దుగాల్ల అద్దన్నడు. సామాను మా మిల్లు గోదాముల ఏస్త. మీరు రైలెక్కి అక్క కాడికి పోండ్రి. జర సల్లబడినంక సూద్దాం.”

అంటే ఈ సంగతి వాడికి పొద్దున్నే తెలుసు. తెలిసే నా ఇల్లు రోడ్డు మీదికి తెచ్చాడు.

“గోదాము ఎందుకు? మీ ఇంటికే పోదాం పా. ఆర్నెల్లే గద.”

వాడు నా మొహం చూడలేదు. ఫోన్ తీసి పక్కకు వెళ్ళి పెళ్ళాంతో మాట్లాడి వచ్చాడు.

“మా ఇంటికా... గట్ల రావద్దంటరు వదినా. ఇంట్ల సిన్న పిల్లలున్నరు.”

“మా ఇంటికైతె నక్షత్రమంటివి. నీ ఇంటి కాడికొచ్చెటాలకు సిన్నపిల్లలు యాదికొచ్చిండ్రా? దించు సామాను.”

“వదినా—”

“దించుమన్న. టెంపో పైసలు గూడ నువ్వే ఇయ్యి.”

గల్లీ అంతా చూస్తోంది. చూడనీ అనుకున్నాను. డ్రైవరు బీడీ వెలిగించుకుని తమాషా చూస్తున్నాడు. మరిది నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

“నీకు తెలుస్తలేదు. ఇల్లు ఇడువకుంటె అన్న మళ్లొస్తడంట. ఎతుక్కుంట ఎతుక్కుంట ఈడికే వస్తడంట. ఇంట్ల ఆడపిల్ల ఉన్నది.”

అంతమంది అన్ని రోజులుగా నా దగ్గర దాచింది ఇది. నన్ను కాపాడుతున్నది మా ఆయన నుంచట!

“రానియ్యి” అన్నాను. “పోయేటప్పుడు మాటన్న చెప్పలె. నేను మొహం సూడలె. నా బిడ్డ తండ్రి కాళ్ళు మొక్కలె. వస్తె రానియ్యి. నేను ఇల్లు మారితె మీ అన్న నన్ను యాడ ఎతుక్కుంటడు?”

మరిది టెంపో చక్రం పక్కనే కూలబడి చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. అన్న పోయాక వాడు ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి. కాసేపటికి లేచి, మిషన్ తనే భుజాన వేసుకుని మెట్లెక్కాడు. వాడి మీద కోపం ఆ రోజుకు సగం తగ్గింది. మిగతా సగం ఇంకా ఉంది.

ఆరు నెలలూ ఆ ఇంట్లోనే ఉన్నాం. మనవాళ్ళు గడప తొక్కలేదు, పెళ్ళిళ్ళకు పిలవలేదు. ఒక పూట వండి రెండు పూటలు తిన్నాం. లేసు కట్టలు ముందు సన్నగా, తర్వాత కుప్పలుగా వచ్చాయి. అమ్మాయి ఆయన ఫోన్‌లో పాఠాలు విని పది పాసైంది. ఇప్పుడు చుట్టాలు నా తెలివిని మెచ్చుకుంటున్నారు. రెండో అద్దె కట్టకుండా ఎంత మిగుల్చుకుంది చూడండని తమ కోడళ్ళకు చెబుతున్నారట. చెప్పుకోనీ.

నేను ఆ ఇంట్లో ఉన్నది మిగుల్చుకోవడానికి కాదు. సాంచాల డ్యూటీ సాయంత్రం ఏడింటికి దిగుతారు. ఏడయ్యేసరికి మిషన్ ఆపి తలుపు బార్లా తెరిచి కూర్చునేదాన్ని. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే లేచి నిలబడేదాన్ని. పై అంతస్తువాళ్ళు నన్ను చూసి తల దించుకుని పైకి పోయేవారు. వస్తాడని అంతమంది అంత గట్టిగా నమ్మారు కదా. ఆరు నెలలు చూశాను. రాలేదు.