నర్సమ్మకు కొన్న ఉంగరం

మనుషుల్ని చీదరించుకోవడం నేను నరసన్నపేటలో ఒక బంగారం కొట్లో కూర్చుని నేర్చుకున్నాను. ఆ మనుషుల్లో నేనూ ఒకణ్ణి కనక ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

అరవైల చివరి రోజులు. శ్రీముఖలింగానికి ఇవతల, వంశధార ఒడ్డునున్న మా ఊళ్లోనే నేను ఎలిమెంటరీ బడి మేష్టర్ని. ఊరి ప్రసూతి కేంద్రంలో ఒక నర్సు ఉండేది. అందరూ నర్సమ్మ అనేవారు. భర్త పోయిన మనిషి. నలభై దాటి ఉంటాయి. ఏరు పొంగిన రోజుల్లో కూడా చీర మోకాళ్ల పైకి ఎగదోపి, పొలంగట్ల మీద నడిచి వెళ్లి కాన్పులు చేసొచ్చేది. పదకొండేళ్లు అలా చేశాక ఆమెకు విజయనగరం బదిలీ అయింది.

ఆమెకు బంగారు వస్తువేదైనా పెట్టి పంపాలని అనుకున్నది ఊరి ఆడవాళ్లు. ఆ వస్తువేదో నిర్ణయించడానికి బయల్దేరినది మాత్రం మగవాళ్లం. పంచాయతీ ప్రెసిడెంటు, బియ్యం మిల్లు యజమాని, సన్మాన పత్రం రాస్తాను కనక నేను.

ఆ ఉదయం మా అమ్మ నాకు చల్దన్నం వడ్డిస్తూ అంది: "ఒరే, నర్సమ్మ సెవులు ఎప్పుడేనా సూసినావా? మొగుడు పోయిన్నాడే అత్తోరు దిద్దులు లాగీసుకున్నారట. కన్నాలు పూడిపోకుండా ఏపపుల్లలెట్టుకుంటాది. దిద్దులు తెండి. ఆడోలందరి మాటా అదే. నువ్వు సెప్పు ఆలికి."

"అలాగే సెప్తాను" అన్నాను.

కొట్లో తెల్ల పరుపు మీద చేరాం. ప్రెసిడెంటు బాలీసుకు ఆనుకుని, గేదెకు పలుపుతాడు అడిగినట్టు అడిగాడు: "సూడు షావుకారూ, ఓ ఇదవ మనిషికి ఇయ్యాల. ఏటున్నాయి?"

షావుకారు ముందుగా దిద్దుల పెట్టె తెరిచాడు. ప్రెసిడెంటు దాన్ని రెండు వేళ్లతో నా వైపు తోసేశాడు. "ఇదవకి సెవులకి సోకులేటి? ఊరు నవ్వదేటి?"

గొలుసు చూపిస్తే మిల్లు యజమాని తల అడ్డంగా ఊపాడు. దూరం నుంచి చూసినవాళ్లు పుస్తెలతాడు అనుకుంటారట. గాజులు ఆచారానికి పనికిరావు. ముక్కుపుడక మాట వినగానే ప్రెసిడెంటు "రామ రామ" అని కళ్లు మూసుకున్నాడు. ఒక ఆడదాని ఒళ్లును ఇద్దరు మగవాళ్లు చెవులు, మెడ, ముక్కు, చేతులు అని విడగొట్టి, ఎక్కడెక్కడ బంగారం కూడదో తీర్పులు చెబుతున్నారు. ఈ ప్రెసిడెంటు మనవడు మెడకు పేగు చుట్టుకుని నీలంగా పుడితే, నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊది బతికించింది ఆవిడే. అది విధవ నోరని ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు.

దిద్దుల పెట్టె నా మోకాలిని ఆనుకునే ఉంది. అమ్మ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ప్రెసిడెంటు నా వైపు తిరిగాడు. "మేష్టారూ, నువ్వేటంటావు?"

నన్ను ఏజెన్సీ కొండల్లోని బడికి వేయించాలన్నా, ఉన్నచోట ఉంచాలన్నా ఆయన ఒక్క మాట చాలు.

"మీ ఇష్టమండి" అన్నాను.

చివరికి ఉంగరం తేలింది. దానికి ఏ ఆచారమూ అడ్డు రాలేదు. సభలో వెనక కూర్చున్నవాళ్లకు కూడా కనబడాలని ప్రెసిడెంటు అందులోకెల్లా పెద్ద బిళ్ల ఉన్నది ఏరాడు. షావుకారు కొలత అడిగాడు. ఆమె వేలు ఎంతుంటుందో ముగ్గురిలో ఎవరికీ తెలియదు. మిల్లు యజమాని తన చిటికెన వేలు చాపి, "ఆడోల ఏలు ఇంతకి మించుతాదేటి?" అన్నాడు. అది వంకాయంత వేలు. బిళ్ల మీద ఊరి పేరు మొదటి అక్షరం, దాని పక్కన తన ఇంటిపేరు అక్షరం చెక్కమన్నాడు ప్రెసిడెంటు. తిరుగు బస్సులో ఇద్దరూ, గొప్ప పుణ్యకార్యం చేసినవాళ్లలా, దారి పొడుగునా కునికిపాట్లు పడ్డారు.

బడి వరండాలో సభ జరిగింది. త్యాగమూర్తి, మాతృమూర్తి అంటూ నేను రాసిందంతా నేనే గొంతెత్తి చదివాను. ప్రెసిడెంటు ఉంగరాన్ని పైనుంచి ఆమె అరచేతిలోకి జారవిడిచాడు. ఆమె దాన్ని ఉంగరపు వేలికి పెట్టుకుంది. జారిపోయింది. నడిమి వేలికి పెట్టింది. అక్కడా నిలవలేదు. చివరికి బొటనవేలికి తొడిగి, చెయ్యెత్తి చూసుకుని, నెమ్మదిగా అడిగింది: "ఈ ఏలు ఎవరిదండీ?"

ఆడవాళ్ల వైపు నవ్వు పుట్టింది. తనను మెచ్చుకుందనుకుని ప్రెసిడెంటు కూడా నవ్వాడు. మిల్లు యజమాని చెయ్యి కండువా కిందికి పోయింది.

మర్నాడు ఆమె పెట్టె మోసుకుని బస్సు దాకా వెళ్లాను. నరసన్నపేటలో బస్సు మారాలి గనక అక్కడిదాకా నన్నూ రమ్మంది. దిగగానే అంది: "మేష్టారూ, ఉంగరం కొన్న కొట్టు సూపించండి."

చూపించాను. ఆమె ఉంగరం తీసి పరుపు మీద పెట్టి, "దీనికి దిద్దులియ్యండి" అంది. షావుకారు నా మొహం చూశాడు. నేను వీధిలోకి చూశాను. ఆమె వేపపుల్లలు లాగేసి, అద్దం అక్కర్లేకుండానే దిద్దులు పెట్టుకుంది. ఎడమ చెవి తమ్మె దగ్గర కొంచెం రక్తం వచ్చింది. పైటచెంగుతో అద్దుకుంటూ, "ఆ అచ్చరాలు కరిగిస్తే పోతాయి కదండీ?" అని అడిగింది. పోతాయన్నాడు షావుకారు.

బయటికొచ్చాక నన్ను అడిగింది: "దిద్దులు తెమ్మని మీ సేత కబురంపినారట, మీ అమ్మగారే సెప్పినారు. ఆల దగ్గర ఆ మాట అన్నారా?"

నేను పెట్టెను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

"అనలేదన్నమాట" అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "కాన్పప్పుడు మగోలందరూ గుమ్మం అవతలే నిలబడతారు మేష్టారూ. నేను సూసినోలందరూ అంతే. ఆ పెట్టె బస్సు మీదకి ఎక్కించండి."

ఎక్కించాను. బస్సు కదిలాక కిటికీలోంచి ఆమె ఇటు తిరిగి చూడలేదు.

సాయంత్రం ఊళ్లో బస్సు దిగేసరికి ప్రెసిడెంటు టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "ఎల్లిపోనాదా? ఉంగరం సేతికే ఉన్నాదా, తీసి పెట్లో దాసీసినాదా?"

"చేతికే ఉందండి" అన్నాను.

ఆయన నాకూ ఒక టీ చెప్పాడు. తాగాను.