చెరువు మీద నడిచే ఊరు

ఫోన్‌లో టీచరమ్మ కిటికీ తెరిచి చూపించినప్పుడు నేను అదేదో మైదానం అనుకున్నాను. తెల్లగా, చదునుగా, చూపు ఆనినంత దూరం ఉంది. దాని మీద మనుషులు నడుస్తున్నారు. ఒకాయన కుక్కను పట్టుకుని పోతున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు పుస్తకాల సంచులు తగిలించుకుని నవ్వుకుంటూ అడ్డంగా దాటుతున్నారు. నా భార్య కన్నడంలో ఏదో అడిగింది. ఆమె పుట్టిల్లు కర్ణాటక సరిహద్దులోని అగళి, కన్నడం నీళ్ళు తాగినట్టు మాట్లాడుతుంది. అవతల టీచరమ్మ దగ్గర చదువుకునే కర్ణాటక పిల్ల ఒకతె పక్కనే కూర్చుని మాట మార్చి చెబుతూ ఉంటుంది. ఆ పిల్ల చెప్పింది విని నా భార్య నా వైపు తిరిగింది.

"అది చెరువంట. చలికి గడ్డకట్టి ఉండాదంట. మనం పోయే నెలకు కూడా అట్లే ఉంటాదంట. మన గది ఈ గట్టున, కాలేజీ ఆ గట్టున. అందరూ దాని మీదనే అడ్డం పడి పోతారంట" అంది.

ఆమె ముఖం వెలిగిపోతోంది. నేను ఫోన్ మీదినుంచి చూపు తిప్పుకున్నాను.

మాది ధర్మవరం. మగ్గమే మా బతుకు. కిందటి ఏడు ఆ టీచరమ్మ మా వీధికి వచ్చి, మా మగ్గం గుంట పక్కన చాప మీద పొద్దంతా కూర్చుంది. ఆమెది ఎక్కడో చలిదేశంలో చెరువు ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఊరు మొత్తానికి ఒక యూనివర్సిటీ, దాన్ని నమ్ముకుని బతికే అంగళ్ళు, అంతే. అంచు ఒక రంగు, చీర ఒక రంగు వచ్చే మా నేత ఆమెకు నచ్చింది. ఆ నేత ఒక్కరి చేతుల్లో అయ్యేది కాదు. గుంటలో కూర్చుని నేసే మనిషి, పోగును అటూ ఇటూ దాటించే నాడెను ఒకటి విసిరితే, పక్కన కూర్చున్న మనిషి అంచు నాడె అందించాలి. రెండు పోగులు ప్రతిసారీ ఒకదాన్నొకటి మెలేసుకోవాలి. మా ఇంట్లో నేసేది నా భార్య, పక్క మనిషిని నేను. ఆమె చెయ్యి నాకంటే సన్నం, అది నేను పెళ్ళయిన కొత్తలోనే ఒప్పుకున్నాను. "పెండ్లాం దగ్గర కూలికి కుదిరినావు కదప్పా" అని వీధిలో నన్ను ఆటపట్టించని వాడు లేడు.

టీచరమ్మ మా ఇద్దరినీ రమ్మంది. అక్కడి పిల్లల ముందు ఒక చీర నేసి చూపించాలి. దారి ఖర్చులు వాళ్ళవే. నేను రానంటే నా భార్య ఒక్కతే పోవడం కుదరదు. ఆ నెలలంతా మా ఇంట్లో ఉప్పు డబ్బా తీసినా ఈ ఒక్క సంగతే ఎదురయ్యేది.

ఆమె మాత్రం రేపే బయలుదేరేటట్టు సర్దడం మొదలుపెట్టింది. చెనిక్కాయల పొడి, రాగిపిండి, తలకు చెవులు మూసే టోపీలు. ఆ టోపీ పెట్టుకుని మగ్గంలో కూర్చుని నేసి చూసింది, చెమటతో తడిసిపోయింది. నేనేమో సాకులు వెతికాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మొదట గుంట మీద పడ్డాను.

"గుంట లేకుండా మగ్గం యాట్ల ఆడుతాది? వాళ్ళను అడుగు, గుంట తవ్వుతారేమో" అన్నాను.

ఆమె నిజంగానే అడిగింది. మగ్గానికి ఇచ్చే గది కాలేజీలో రెండో అంతస్తులో ఉందట. చెక్కలతో అరుగు కట్టి, నడిమధ్య కాళ్ళు దించుకోవడానికి ఖాళీ వదులుతామన్నారు. ఆమె పగలబడి నవ్వింది. "గుంట తవ్వింటే కింద పాఠాలు చెప్పేవాళ్ళ నెత్తిన కాళ్ళు ఆడిస్తాంటివి" అంది. ఆ సాకు అట్లా పోయింది. తర్వాత నడుము నొప్పి అన్నాను. విమానం అన్నాను. వేటికీ ఆమె దగ్గర జవాబు లేకుండా పోలేదు. అసలుది మాత్రం నా నోట రాలేదు. ఆ తెల్లటి మైదానం కళ్ళు మూసుకుంటే చాలు, వచ్చేది. దాని మీద ఆమె నడుస్తూ ఉండేది. నేను ఎప్పుడూ గట్టు మీదే ఉండేవాణ్ణి.

ఒకనాడు పాస్‌పోర్టు పనికి ఆమె వెంట హిందూపురం పోయి ప్యాసింజర్ రైల్లో తిరిగి వస్తున్నాం. ఆమె ఫోన్‌లో ఆ చెరువు వీడియో మళ్ళీ పెట్టింది. ఎవరో చిన్న పిల్లవాణ్ణి చక్రాల్లేని చెక్కబండి మీద కూర్చోబెట్టి లాగుతున్నారు. పెనుకొండ కొండ కనపడింది. అప్పుడు చెప్పాను. మా అన్న నీళ్ళలో పోయాడని ఆమెకు తెలుసు. అంతకు మించి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు.

మా నాయన వాళ్ళది పెనుకొండ దగ్గర పల్లె. ఊరికి చెరువు ఉంది గానీ, నేను పుట్టినప్పటినుంచీ అందులో నీళ్ళు చూడలేదు. చెరువు కడుపులో చెనిక్కాయ వేసేవాళ్ళు, గొర్రెలు మేపేవాళ్ళు. పక్క ఊరి బడికి దారి కూడా దాని నడిమధ్యనే. ఒక ఏడు వాన పట్టుకుంది, వదల్లేదు. చెరువు నిండింది. ఊరంతా పసుపు కుంకాలు, టెంకాయలు పట్టుకుని కట్ట మీదికి వచ్చారు. మా అవ్వ సంతోషం పట్టలేక ఏడ్చింది. నీళ్ళు కాస్త తగ్గాక మా అన్న చెప్పులు చేతిలో పట్టుకుని, నిక్కరు పైకి మడిచి, బడికి పోతానని నీళ్ళలోకి దిగాడు. మా అవ్వ వద్దురా అంటే, "దారి యాడికి పోతాది? కిందనే ఉండాది కదా" అన్నాడు.

వాడు చెప్పింది నిజమే. దారి కిందే ఉంది. మోకాళ్ళ లోతులో సగం దూరం చక్కగా నడిచాడు. దారి పక్కనే ఇటుకల బట్టీకి మట్టి తవ్వుకున్న గుంత ఉంది. అది వాడికీ తెలుసు, మాకందరికీ తెలుసు, రోజూ దాని అంచునే నడిచి బడికి పోయాం. నీళ్ళ కింద అది ఎక్కడ మొదలవుతుందో ఎవరికి తెలుస్తుంది? అరుపు కూడా వినపడలేదు. ఊరంతా కట్ట మీదికి పరుగెత్తుకొచ్చింది. ఈత వచ్చినవాడు ఒక్కడూ లేడు. నీళ్ళే లేని ఊళ్ళో ఈత ఎవరికి వస్తుంది?

ఆమె ఫోన్ ఆపేసింది. ధర్మవరం దగ్గర పడ్డాక మెల్లగా, "ఆడ రోజూ గడ్డ మందం కొలుస్తారంటబ్బా. పలచగా ఉండే చోట జెండాలు పాతుతారంట" అంది.

"మా అన్నకూ దారి తెలుసు" అన్నాను. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

తరువాత కొన్నాళ్ళకు, అద్దకం వాళ్ళ దగ్గరనుంచి పట్టు తీసుకుని ఇంటికి వస్తుంటే వీధిలోకే మగ్గం చప్పుడు వినపడింది. నేను బయట ఉంటే మగ్గం ఆగిపోవాలి కదా అనుకుంటూ గడప దాటాను. నా చోట నా భార్య చెల్లెలు కూర్చుని ఉంది. పక్క వీధిలోనే మెట్టిన పిల్ల, పెళ్ళి కాకముందు మా ఇంట్లో ఉండి ఈ పని నేర్చుకుంది. అంచు నాడె అందిస్తోంది. చెయ్యి కాస్త నిదానంగానే ఉంది గానీ, ఎక్కడా తప్పు పడటం లేదు. నన్ను చూసి, "బావా, నేనూ పాస్‌పోర్టుకు పెట్టినా" అంది సిగ్గుపడుతూ.

నాకు కోపం వచ్చింది. ఆ కోపం అడుగున ఉన్నది కోపం కాదని నాకే తెలుసు. ఇన్నాళ్ళూ నేను రానంటే ప్రయాణమే ఉండదని ఒక ధైర్యం ఉండేది. ఇప్పుడు నా భార్య ఆ చెరువు మీద నడుస్తుంది, నేను పక్కన కూడా ఉండను.

చెల్లెలు వెళ్ళిపోయాక సంగటి ముందర కూర్చుని, "నేనే వస్తాలే" అన్నాను.

"భయం పోయిందా?"

"పోలేదు."

"అయితే వద్దు." ఆమె గొంతులో కోపం లేదు. "నువ్వు పక్కన వణుక్కుంటా నడిస్తే నేను నిన్ను చూసుకుంటా నడవాల. నా కాళ్ళ కింద ఏముండాదో ఎప్పుడు చూసుకునేది?"

చేతిలో ముద్దను తిరిగి తట్టలోనే పెట్టేశాను.

"సరే మే, ఒక్క మాటియ్యి. గట్టు మీదనే చుట్టు తిరిగి పో. ఎంత దూరమైనా సరే" అన్నాను.

ఈ ఇంటికి వచ్చినప్పటినుంచీ ఆమె నాతో అబద్ధం ఆడలేదు. చీర బాగుంటే బాగుందంటుంది, లేకుంటే మొహం మీదే లేదంటుంది. ఆ పొద్దు మాత్రం ఆమె ఒక్క అబద్ధం చెబితే బాగుండు అనుకున్నాను. సరే అనేస్తే చాలు, నమ్మడం నేను చూసుకుంటాను.

ఆమె నా తట్టలో ఇంకో ముద్ద పెట్టింది.

"లేదబ్బా. నాకు దాని మీద నడవాలని ఉండాది" అంది.