పరంజ్యోతి వలకు ఉక్కు గొలుసు

భిలాయి ఊళ్ళోని రుఆబాంధాలో పరంజ్యోతి ఇల్లు ఎక్కడని అడిగితే చిన్నపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారు. భీమిలి దగ్గర సముద్రపు ఒడ్డున పుట్టి, నాతోపాటే ఇక్కడి ఉక్కు ప్లాంటులో చేరి, రోలింగ్ మిల్లులో రిటైరయ్యాడు. నేను పల్లెటూరి బడిలో ఏడో తరగతి దాకా చదివి చార్జ్‌మన్‌ దాకా ఎదిగి రిటైరైనవాణ్ణి. ఉత్తమ కార్మికుడి షీల్డు మీదా, మన తెలుగు సంఘం భవనం శిలాఫలకం మీదా నరసింగరావు అని నా పేరు నేటికీ చదువుకోవచ్చు. అయినా వల విసరడంలో పరంజ్యోతి ముందు నేను సున్నా. అతని చేతిలోంచి వెళ్ళిన విసురు వల నీటి మీద గొడుగులా విచ్చుకుంటుంది.

ఆ వల అతనే అల్లుతాడు. వల నీట మునగడానికి అంచు తాడుకు కట్టే సీసపు గుండ్లూ అతనే పోస్తాడు. పాత సీసం వంటింట్లోనే గరిటెలో కరిగించి, పట్టీలుగా పోసి, ముక్కలు కోసి తాడు చుట్టూ మడిచి, పంటితో కొరికి బిగిస్తాడు. వాళ్ళ నాన్నా అలాగే చేసేవాడట. కొడుకూ కోడలూ పొద్దున్నే రాయపూర్ ఉద్యోగాలకు పోతారు కనుక పదిహేనేళ్ళ మనవరాలు ఏంజెలాకు తాతే తోడు. ఆ పిల్లా పక్కన కూర్చుని టకటకా గుండ్లు కొరికేసేది. వల పని ఇంట్లో నిలబడిందని పరంజ్యోతి పొంగిపోయేవాడు.

ఏంజెలా స్కూలు రిలే జట్టులో పరిగెత్తేది. ఈ ఏడు పిల్ల పాలిపోయింది, కడుపునొప్పి అంది, సగం గ్రౌండు తిరిగేసరికి రొప్పసాగింది. ఆటల మాస్టారు మనోజ్‌కుమార్ "బాగయ్యాక రా బేటా" అని జట్టులోంచి తీసేశాడు. పిల్ల ఏడుపు చూడలేక నాయనమ్మ లూసీ డాక్టర్ వందన దగ్గరికి బయల్దేరదీసింది. పరంజ్యోతీ నేనూ కూడా వెళ్ళాం.

"ఇంట్లో బ్యాటరీల పనిగానీ, రంగుల పనిగానీ ఎవరైనా చేస్తారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"నహీఁ మేడమ్. తాతతో వల గుండ్లు కొరుకుతాను, బస్," అంది ఏంజెలా.

డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది.

రక్తపరీక్షలో సీసం ఎక్కువ, ఇనుము తక్కువ అని తేలింది. "ఒంట్లో ఇనుమూ కాల్షియం తక్కువైతే సీసం ఇంకా తేలిగ్గా ఒంటికి పట్టేస్తుంది. ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర రాస్తాను, రెండూ ఒకేసారి వెయ్యకండి. ఉసిరి, జామ పెట్టండి, వాటిలోని సీ విటమిన్ వల్ల ఐరన్ బాగా ఒంటికి పడుతుంది. కానీ అన్నిటికన్నా ముందు సీసం ఇల్లు దాటాలి," అంది.

ఆ చివరి మాట పరంజ్యోతి చెవికెక్కలేదు. మాత్రల పని మాత్రం ప్లాంటు డ్యూటీలా నడిపాడు. "ఐరన్‌ది పొద్దున్న ఏ షిఫ్టు, కాల్షియంది మాపిటేల బీ షిఫ్టు. రెండూ గేటు కాడ కలిసాయంతే గొడవే!" అనేవాడు. ఐరన్ మాత్ర వేసుకున్న పిల్ల టీ గ్లాసు ముట్టుకుంటే, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదని లాగేసుకునేవాడు. కొరకడమూ మాన్పించాడు. వంటింట్లో సీసం కరిగించడం మాత్రం మానలేదు.

"మాత్రలేత్తన్నాం గదా, ఇంకేటి బయ్యం?" అన్నాడు లూసీతో. "సిన్నప్పుట్నించీ కొరుకుతున్నాను, నాకేటయ్యిందే?"

"నోట్లో మిగిలిన పళ్ళు ఓపాలి సూసుకో, సెప్తాయి," అంది లూసీ.

రెండో పరీక్షలో ఇనుము పెరిగింది, సీసం దాదాపు అక్కడే ఉంది. "మాత్రలు సాయం చేస్తాయి, అంతే. పొగా దుమ్మూ ఇంట్లో ఉన్నంతకాలం ఎన్ని మింగినా సీసం లోపలికి పోతూనే ఉంటుంది," అని డాక్టరమ్మ గట్టిగానే మందలించింది.

ఇంటికి రాగానే ఏంజెలా గుమ్మంలోనే కూర్చుండిపోయింది. "తాతా, నాకు మళ్ళీ టీమ్‌లోకి వెళ్ళాలి. సమఝో నా, అర్థం చేసుకో!"

పరంజ్యోతి తల గోక్కున్నాడు. "గుండ్లు నేకపోతే వల మునగదే అమ్మా. తేలే వలతో ఏటి సేత్తాను, బట్టలారేసుకుంతానా?"

అప్పుడు నేనన్నాను. "ఒరే పరంజ్యోతీ, ఉక్కు ఊళ్ళో ఉండి బరువు కోసం సీసాన్ని పట్టుకు వేలాడతావేటిరా? గొలుసు కట్టు!"

ఈ సలహా నాదేనని ఇక్కడ రాతపూర్వకంగా పెడుతున్నాను, ఎందుకంటే అతను తనదేనని ఊరంతా చెప్పుకుంటున్నాడు.

మర్నాడే గుండ్లన్నీ కోసి, మిగిలిన సీసంతో, గరిటెతో సహా పాత బ్యాటరీలు కొనే డిపోలో ఇచ్చేశాడు. లూసీ తడిగుడ్డతో ఇల్లంతా తుడిచింది. సన్నటి ఉక్కు గొలుసు వల అంచుకు కుట్టి, ఆదివారం కుమ్హారి వైపు చెరువుకు వెళ్ళాం. వల విచ్చుకోలేదు. మూటలా దబ్బున పడింది. గట్టు మీది ఛత్తీస్‌గఢీ ముసలాయన "కా బబా, గాయ్ బాంధే బర్ ఆయ్ హస్ కా?" అన్నాడు, ఆవును కట్టెయ్యడానికి వచ్చావా అని. అందరికన్నా గట్టిగా నవ్వింది పరంజ్యోతే. ఇంకా సన్నటి గొలుసు కట్టాడు, భుజం తిప్పే తీరు మార్చాడు. వానాకాలం అయ్యేసరికి వల మళ్ళీ విచ్చుకుంది.

చలి మొదలయ్యాక చేసిన పరీక్షలో సీసం బాగా దిగింది. "ఇంకా దిగాలి, మాత్రలు నేను చెప్పేదాకా ఆపకండి. పరిగెడితే పరిగెత్తనివ్వండి," అంది డాక్టరమ్మ.

ఆ శనివారం మనోజ్‌కుమార్ జట్టు పిల్లల పక్కన ఏంజెలానూ నిలబెట్టి ఈల ఊదాడు. గ్రౌండు మొత్తం తిరిగి రెండోదిగా వచ్చింది. "రిలేలో మూడో లెగ్ నీదే, సోమవారం నుంచి ప్రాక్టీసుకి రా," అన్నాడు. పిల్ల ఆగకుండా తిన్నగా మా దగ్గరికే పరిగెత్తుకొచ్చింది.

పరంజ్యోతి కంగారుగా ఆమె వీపు నిమిరాడు. "ఆయాసమేటే? కడుపునొప్పేటి?"

"నహీఁ తాతా, ఆకలి!"

లూసీ డబ్బా మూత పూర్తిగా తియ్యకముందే ఆ పిల్ల చెయ్యి ఇడ్లీల మీద పడింది.