కోట ద్వారం మీద బుచ్చన్న పేరు

ముంబై కామాఠిపురా పదకొండో గల్లీలో, వరుస గదుల అద్దె భవనమైన మా చాల్ మూడో అంతస్తులో ఉండే ప్రతీక్షకు ఇప్పుడు ముప్ఫై ఏడేళ్లు. నాగ్‌పాడాలో రక్తపరీక్షలు చేసే ఒక లాబొరేటరీలో కౌంటర్ దగ్గర కూర్చుని, రిపోర్టు సిద్ధమైన వారిని పిలవడం ఆమె ఉద్యోగం. పిలిచిన మనిషి పలికేదాకా ఆమె రెండో మనిషిని పిలవదు. ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో లాబొరేటరీ వారికి తెలియదు. నాకు తెలుసు. దానికి సంబంధించిన కాగితాలన్నీ నా దగ్గరే ఉన్నాయి.

ఆమె తాత బుచ్చన్న మేస్త్రీ. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చి, నలభై మంది కూలీల ముఠాను నడిపినవాడు. గ్రాంట్ రోడ్ చుట్టుపక్కల ఆ ముఠా కట్టిన భవనాలు పదిహేడు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. వాటి మీద యజమానుల పేర్లున్నాయి, కాంట్రాక్టర్ల పేర్లున్నాయి; ఒకదాని మీద ప్రారంభోత్సవానికి వచ్చి పావుగంట నిలబడి వెళ్లిన పెద్దమనిషి పేరు కూడా ఉంది. బుచ్చన్న పేరు ఒక్కదాని మీదా లేదు. ఈ విషయమై 1988లో ఒక యజమానికి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. నకలు ఉంది.

బుచ్చన్న విడిచి వెళ్లిన ఆస్తి ఒక హాజరీ పుస్తకం. పొద్దున్నే ముఠాను నిలబెట్టి, పేరు పేరునా పిలిచి, వచ్చిన కూలీకి నిలువు గీత, ఆలస్యంగా వచ్చినవాడికి అరగీత పెట్టేవాడు. మరాఠీ బడిలో చదివిన ప్రతీక్షకు తెలుగు అక్షరాలు వచ్చింది ఆ కూలీల పేర్లు చదివే. 2003లో ఆయన పోయేనాటికి పుస్తకంలో సగం పేజీలు ఖాళీగా మిగిలాయి. అవి 2005లో మళ్లీ నిండడం మొదలైంది.

ఆ ఏడాది నాగ్‌పాడాలోని ఒక సైబర్ కేఫ్‌లోకి ‘ఆర్వాండియా’ అనే ఆట వచ్చింది. ఎరుగని పాఠకుల కోసం చెబుతున్నాను: ఇది ఒక్కరు ఆడి ముగించే ఆట కాదు. వేలమంది ఎవరి ఊళ్లో వారు కంప్యూటర్ ముందు కూర్చుని, ఒకే రాజ్యంలో తలా ఒక పాత్ర ధరించి తిరుగుతారు. ఒకరు కత్తి పడతారు, ఒకరు మంత్రం వేస్తారు, ఒకరు తోటివారి గాయాలు మాన్పుతారు. ఒకరు పెట్టుకున్న పేరు మరొకరికి ఇవ్వరు. పదిహేడేళ్ల ప్రతీక్ష తన పాత్రకు పెట్టిన పేరు బుచ్చన్న.

అప్పట్లో ఆట కష్టంగా ఉండేది. ఈ మాట నేను నిందగా అనడం లేదు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి అరగంట నడవాలి. చచ్చిపోతే సంపాదించినదాంట్లో కొంత పోతుంది. కోట గెలవడానికి ఇరవై నాలుగు మంది కావాలి. గాయాలు మాన్పేవాడు ఒక్కడు రాకపోతే తక్కిన ఇరవై ముగ్గురూ చచ్చి తీరాలి. కనుక మనిషికి మనిషితో అవసరం ఉండేది. అసలు రాజ్యంలోకి పోవడానికే వరుస. ‘మీ ముందు మూడు వందల మంది ఉన్నారు’ అని తెర మీద కనబడేది. ప్రతీక్ష కాలేజీ నుంచి వచ్చేలోగా, రెండో అంతస్తు బంటీ తన పక్క కంప్యూటర్‌లో ఆమె పాత్రను వరుసలో నిలబెట్టి ఉంచేవాడు. ఇది మాకు కొత్త కాదు. మా చాల్‌లో నల్లా నీళ్లు వచ్చేది పొద్దున ఒక గంట. పని మీద పోయినవారి నీళ్ల హండాను పక్కింటివారు వరుసలో పెడతారు. హండా ఉన్నచోట మనిషి ఉన్నట్టే.

గాయాలు మాన్పే పాత్ర బంటీదే. ముఠాను నడిపేది ప్రతీక్ష. ఆమెకు ఇంకో పద్ధతి తెలియదు కనుక తాత పద్ధతిలోనే నడిపింది: పోరుకు ముందు హాజరీ, గెలిచిన వస్తువు వంతు ప్రకారం. పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని గీతలు పెడుతుండగా ఒకనాడు వాళ్ల అమ్మ రత్నాబాయి కేఫ్‌కు వచ్చింది.

“మొగపోరగాళ్ల మధ్యల ఏం చేస్తున్నవే?”

“ఆగు మమ్మీ, హాజరీ తీసుకుంటున్న.”

“ఎవరి హాజరీ?”

“మనోళ్లదే. ఇద్దరు హైద్రాబాదోళ్లు, ఒకడు నాగ్‌పూర్, ఒకడు కొరియాల ఉన్నడు.”

“కొరియావాడు నీ మాట వింటడా?”

“ఎందుకు వినడు? లేట్ వస్తే అరగీత పెడ్త.”

రత్నాబాయి తెర వంక చూసింది. ఇనుప కవచం, బొడ్డుదాకా గడ్డం ఉన్న మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. అతని తల మీద ఇంగ్లీషు అక్షరాల్లో బుచ్చన్న అని ఉంది.

“మీ తాతకు గడ్డం లేకుండె,” అని చెప్పి, టిఫిన్ డబ్బా అక్కడ పెట్టి వెళ్లిపోయింది.

2007లో, ఏడు నెలల ప్రయత్నం తరువాత, ఆ ముఠా ఉత్తరపు కోటను అందరికన్నా ముందు గెలిచింది. మొదట గెలిచిన ముఠా పేరును ద్వారం మీద రాతిలో చెక్కడం ఆ రాజ్యపు నియమం. చెక్కారు: ‘బుచ్చన్న ముఠా.’ ప్రతీక్ష ఆ బొమ్మను ప్రింటు తీయించి నాకు తెచ్చి ఇచ్చింది. భద్రపరిచాను. ఇన్నేళ్లకు బుచ్చన్న పేరు ఒక గోడ మీదికి ఎక్కింది. ఆ గోడ ముంబైలో లేదు, అంతే.

ఆ తరువాత కంపెనీవారు ఆటను బాగుచేయడం ప్రారంభించారు. నడక కష్టమన్నారు; నొక్కితే ఊరు వచ్చేట్టు చేశారు. మనుషులను కూడగట్టడం కష్టమన్నారు. ఒక బొత్తాం నొక్కితే ముక్కూ మొహం తెలియని ఇరవై ముగ్గురిని యంత్రమే తెచ్చి నిలబెట్టేది, పని కాగానే ఎవరి దారిన వారు మాయమయ్యేవారు. నమస్కారం పెట్టేవాడు లేడు. చివరకు ఆయుధాలు గెలవడం కూడా కష్టమని, వాటిని దుకాణంలో అమ్మకానికి పెట్టారు. 2011లో బంటీ ఒక మంత్రదండంతో వచ్చాడు. ఆ వంతు అతనిది కాదు.

“గెలిచి తెచ్చినవా, కొన్నవా?” అని అడిగింది ప్రతీక్ష.

“కొన్న. అందరు కొంటున్నరు మేస్త్రీ.”

“వంతు ఎవరిది?”

“వంతెక్కడిదే? దుకాన్ల పెట్టిండ్రు, తీసుకున్న. దీంట్ల ఏముంది?”

“వంతు లేకుంటే ముఠా ఎట్లయితది? నువ్వు బొత్తాం నొక్కుకుని ఎవళ్లతోనన్న పో.”

హాజరీ పుస్తకంలో అతని పేరు మీద అడ్డంగా గీత కొట్టింది. బంటీ ఏసీలు బాగుచేసే పనిలో కుదిరి, పెళ్లయ్యాక ధారావికి మారిపోయాడు. పద్నాలుగేళ్లు ఇద్దరికీ మాటలు లేవు. గాయాలు మాన్పేవాడు పోయిన ముఠా ఏడాది తిరగకుండానే చెదిరిపోయింది.

ఈలోగా ఆటలు ఫోనులోకి దిగాయి. ఇప్పుడు వీరుడు తనంతట తానే నడుస్తాడు, తనంతట తానే పోరాడుతాడు, తనంతట తానే గెలుస్తాడు. ఆడేవారు ఆ సమయంలో చపాతీలు చేసుకోవచ్చు. మనిషి చేయవలసిన పని చూడటం. అది కూడా తప్పనిసరి కాదు. ఈ సౌకర్యాన్ని మెచ్చుకుంటూ ఒక పత్రికలో వచ్చిన వ్యాసాన్ని కత్తిరించి, ‘అభ్యంతరాలు’ అనే ఫైలులో పెట్టాను.

2018లో ఆర్వాండియాను మూసివేశారు. పదిహేను రోజుల గడువిచ్చి, ద్వారంతో సహా రాజ్యాన్ని ఆర్పేశారు. మా చాల్‌లో ఒక మెట్టు మార్చాలన్నా కిరాయిదారుల సంఘం సంతకాలు కావాలి. ఆ సంఘానికి ముప్ఫై ఏళ్లుగా కార్యదర్శిని నేనే కనుక చెబుతున్నాను.

ఈ సంవత్సరం అదే కంపెనీ ఆ రాజ్యాన్ని పాత కష్టాలన్నిటితో సహా, ఈసారి ఫోనులో, తిరిగి తెరిచింది. అరగంట నడక ఉంది. చావు ఉంది. వరుస ఉంది. కోట ద్వారాలు ఖాళీగా ఉన్నాయి. మొదట గెలిచినవారి పేరు మళ్లీ చెక్కుతారు. పాతవారు తమ పేర్లను మొదటి వారంలో వెనక్కు తీసుకోవచ్చు, వారం దాటితే ఎవరికైనా ఇస్తారు. ప్రతీక్ష పాత ఖాతా కేఫ్ యజమాని ఈమెయిల్ మీద ఉంది. కేఫ్ పోయింది, యజమాని పోయాడు, ఈమెయిల్ తెరుచుకోదు. వారం దాటిన రోజున ఆమె లాబొరేటరీ నుంచి వచ్చి కొత్త ఖాతాలో ఆ పేరు కొట్టేసరికి, అది అప్పటికే మరొకరు తీసుకున్నారని వచ్చింది. చూడటానికని ఏదో ఒక పేరుతో లోపలికి పోయి, పద్దెనిమిది రోజులు చూసి, హాజరీ పుస్తకం పట్టుకుని నా గదికి వచ్చింది.

“కాకా, తాత పేరు ఎవడో తీసుకున్నడు.”

“ఎవడు?”

“తెల్వది. మొదటి ఊరి దర్వాజ దగ్గర నిలబడ్డడు. కదలడు, మాట్లాడడు, లడాయి చెయ్యడు. రోజు పొద్దున చూస్తే గక్కడనే.”

“నువ్వు ఇంకో పేరుతోనే ఆడితే?”

“ఇంకో పేరు పెట్టుకుని కోట గెలిస్తే, దాని మీద ఎవరి పేరు చెక్కుతరు కాకా?”

ఇది ఆక్రమణ అని తేల్చాను. మా చాల్‌లో నలభై కుటుంబాలకు నివాస రుజువులు కూర్చిన అనుభవం నాది. హాజరీ పుస్తకం జిరాక్సు, ద్వారం ప్రింటు, ఆటకు వాడి పారేసిన పదకొండు రీచార్జి కార్డులు జతపరిచాను. ఆ కార్డులను 2006లో రత్నాబాయే కూతురి మీద సాక్ష్యంగా నాకు అప్పగించింది. వాటి మీద అఫిడవిట్ తయారు చేసి నోటరీ దగ్గరికి వెళ్లాము.

“బుచ్చన్న జిందా హై క్యా?” అని అడిగాడు నోటరీ.

2003లో ఒకసారి, 2018లో ఒకసారి పోయాడని చెప్పాను. ఆయన ఫీజు తీసుకుని ముద్ర వేశాడు.

కంపెనీకి పంపితే నిమిషంలో జవాబు వచ్చింది. మా అభిప్రాయం వారికి ఎంతో విలువైనదట. వారి సేవకు ఐదు నక్షత్రాలలో ఎన్ని ఇస్తామో చెప్పమన్నారు. ఒకటి ఇచ్చాను. ఇక ఆక్రమణదారుకే నేరుగా నోటీసు రాశాను. ‘కీ.శే. బుచ్చన్న మేస్త్రీ గారి నామధేయమును తాము అనధికారముగా ధరించి యున్నందున, పదిహేను దినములలో ఖాళీ చేయవలెను’ అని. ప్రతీక్ష దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి ఆ పాత్రకు పంపింది. మూడోనాడు జవాబు వచ్చింది. ఆమె నా ముందే చదివింది.

“మేస్త్రీ, నేను బంటీ. నోటీస్ ఎందుకే? ఆ కేఫోని ఈమెయిల్ నీకు దొరకదని నాకెరుకే. వారం అయిన దినం పన్నెండు కొట్టంగనే పేరు పట్టుకుని నిలబడ్డ. నువ్వస్తవని. ఆడుతలేను, నీ పేరు కదా. నీ నంబర్ లేదు నా దగ్గర. నోటీస్ రాసింది కాకానే గదా? ‘యున్నందున’ అని చూడంగనే అర్థమైంది.”

ప్రతీక్ష ఫోను బోర్లించి పెట్టింది.

“కాకా, అది కబ్జా కాదు. హండా.”

ముప్ఫై ఏళ్లుగా నల్లా తగాదాలు తీర్చినవాణ్ని. కదలకుండా, మాట్లాడకుండా వరుసలో ఉన్నది హండా అని నాకు తట్టలేదు. ఇది రికార్డు కోసం రాస్తున్నాను.

ఆదివారం మధ్యాహ్నం బంటీ ప్రతీక్ష ఇంటికి వచ్చాడు. జుట్టు పలచబడింది. రత్నాబాయి టీ పెట్టింది. ఖాతాను చేతులు మార్చడానికి కంపెనీ నిబంధన ఒప్పుకోదు. నిబంధనల ప్రతి నా దగ్గర ఉంది. కనుక ఒకటే మార్గం: బంటీ ఆ పాత్రను చెరిపేయాలి, ఆ క్షణంలోనే ప్రతీక్ష పేరు కొట్టాలి. మధ్యలో ఇంకెవరైనా కొడితే పేరు వారిదవుతుంది.

“సెకండ్ గూడ గ్యాప్ వద్దు,” అంది ప్రతీక్ష.

“నల్లా దగ్గర మార్చినట్టే. నేను తీస్త, నువ్వు పెట్టు. ఏక్, దో, తీన్.”

ఇద్దరూ నొక్కారు. ఆమె తెర మీద చిన్న చక్రం తిరిగింది. ‘ఈ పేరు వాడుకలో ఉంది’ అని వచ్చింది.

“నాది పోయింది, చెరిగింది!” అన్నాడు బంటీ. “మళ్ల కొట్టు, మళ్ల కొట్టు!”

మళ్లీ కొట్టింది. చక్రం తిరుగుతూనే ఉంది.

“తాతను ఎక్కడ పోగొట్టిండ్రురా?” అంది వంటగదిలోంచి రత్నాబాయి.

చక్రం ఆగింది. కవచం తొడుక్కున్న మనిషి ఒకడు మొదటి ఊరి ద్వారం దగ్గర నిలబడ్డాడు. తల మీద పేరుంది. ఈసారి ప్రతీక్ష గడ్డం పెట్టలేదు. రత్నాబాయి వచ్చి చూసి, “ఇప్పుడు మీ తాత లెక్క ఉన్నడు,” అంది.

బంటీ తన ఫోనులో గాయాలు మాన్పే పాత్రను ఒకదాన్ని తయారు చేసుకున్నాడు. ప్రతీక్ష హాజరీ పుస్తకం తెరిచింది. కొట్టేసిన తన పేరు అతనికి కనబడింది.

“తుడిపెయ్ దాన్ని.”

“హాజరీ బుక్కుల తుడుపుడు ఉండది,” అని ఆమె కొత్త పేజీ తిప్పి, మొదటి వరుసలో పేరు రాసి పిలిచింది. “బంటీ!”

“ఎదురుంగనే ఉన్న గదా.”

ఆమె మళ్లీ పిలిచింది.

“హాజర్,” అన్నాడు.

గీత పెట్టింది. అతను మెడ చాచి చూశాడు.

“అరగీతనా?”

“పద్నాలుగేండ్లు లేట్ వచ్చినవ్.”

బంటీ టీ తాగి, నా వైపు తిరిగి, నోటీసు సంగతేమిటని అడిగాడు. ఉపసంహరిస్తున్నట్టు రెండు ప్రతులు రాసి, ఒకటి అతనికిచ్చాను. రెండో దాని మీద అందినట్టు సంతకం తీసుకున్నాను. కోటకు ఇంకా ఇరవై రెండు మంది కావాలి. ప్రతీక్ష అప్పటికే నాగ్‌పూర్ వాడి పాత నంబరుకు ఫోను చేస్తోంది.