విరిగిన ఇనుమును చదివిన పెద్దాయన

పోయిన మంగళవారం పొద్దున అమెరికాలో, షామ్‌బర్గ్‌లో మా ల్యాబ్ ముందు కార్ పార్క్ చేస్తుంటే పెద్దాయన కూతురి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. నాన్న తెల్లవారుజామున నిద్రలోనే వెళ్ళిపోయారని, ముందుగా నాకు చెప్పాలనిపించిందని. స్టీరింగ్ పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాను. ఏడుపు రాలేదు. లోపలికెళ్ళి లైట్లు వేశాక, తీయడానికి ఎవరికీ మనసొప్పక అక్కడే వదిలేసిన ఆయన కుర్చీని చూశాక వచ్చింది.

పెద్దాయన నాకు బంధువు కాదు. పదకొండేళ్ళు ఆయన దగ్గర పనిచేశాను. ఇంగ్లండ్‌లో పుట్టిన లోహశాస్త్రవేత్త. ఇరుసులు, బోల్టులు, నిచ్చెనలు, ఒకసారి ఎవరిదో సైకిల్ ఫ్రేమ్, ఇలా విరిగిపోయినవన్నీ మా ల్యాబ్‌కి వస్తాయి. ఎందుకు విరిగాయో చెప్పడం మా పని. ఇనుముకి పోస్ట్‌మార్టం అనుకోండి.

షెఫీల్డ్‌లో ఆయన తండ్రి కొలిమి దగ్గర పనివాడు. ఈయన చదువు మధ్యలో ఆపి ఉక్కు మిల్లులో చేరి, సాయంత్రం కాలేజీలో పట్టా తెచ్చుకున్నారు. రెండేళ్ళకని అమెరికా వచ్చి ఉండిపోయారు. అది మనవాళ్ళకే చేతనవుననుకునేదాన్ని. రైలు చక్రాలు తయారుచేసే ఫ్యాక్టరీలో చాలాకాలం చేసి, యాభై దాటాక అయిదారుగురితో సొంతంగా ఈ ల్యాబ్ పెట్టారు.

చేరిన రోజు అలవాటుగా సర్ అన్నాను. "సర్ అని బిరుదిస్తూ ఏ రాణీ ఇంకా నా భుజం కత్తితో తట్టలేదమ్మా, పేరు పెట్టి పిలువు" అన్నారు. తండ్రి వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. అందుకని పదకొండేళ్ళూ ఏమీ పిలవకుండానే నెట్టుకొచ్చాను. ఎదురుగా వెళ్ళి నిలబడి, ఆయన తలెత్తాక మాట మొదలుపెట్టేదాన్ని. ఇంట్లో మాత్రం మాకు ఆయన పెద్దాయన.

మేమిచ్చిన ఆవకాయని టోస్ట్ మీద పల్చగా రాసుకుని తినేవారు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా ఆపేవారు కాదు. తినడం అయ్యాక సీసా మూత తిరగేసి, ఉప్పుకి పట్టిన తుప్పుని భూతద్దంతో చూసేవారు. "మీ పచ్చడి స్టీల్‌ని కూడా తింటుంది. మనుషులు ఎలా బతుకుతున్నారో!" అని నవ్వేవారు.

పని దగ్గర మాత్రం నవ్వుల్లేవు. కొత్త వస్తువు వస్తే చేతులు వెనక్కి కట్టుకుని దాని చుట్టూ తిరగాలి. "ముందు చూడు. ముట్టుకోవడానికి చాలా టైమ్ ఉంది" అనేవారు. ఇంకో మాట మొదటిరోజే చెప్పారు: "విరిగిన రెండు ముక్కల్నీ ఎప్పుడూ కలిపి చూడకు. ఇనుము అబద్ధమాడదు. తొందరపడి మనమే ఆడిస్తాం." విరిగిన చోట, కంటికి ఆనని సన్నటి గీతలుంటాయి. లోహం నెలల తరబడి కొంచెం కొంచెంగా చీలుతూ వచ్చిందో, ఒక్కసారిగా బరువుకి విరిగిందో ఆ గీతలే చెప్పాలి. ముక్కలు రెండూ ఒరుసుకుంటే అవి చెరిగిపోతాయి.

ఇంత తెలిసీ నేనా పని చేశాను. చేరిన మూడో ఏడు, కార్లని పైకెత్తే లిఫ్ట్‌లో విరిగిన పిన్ను ఒకటి వచ్చింది. కారు పడి ఒక మెకానిక్ పాదం నుజ్జయింది. అతను లిఫ్ట్ మోయలేని బరువెత్తాడని, తప్పంతా అతనిదేనని లిఫ్ట్ కంపెనీ వాదన. పిన్ను మాకు పంపిందీ వాళ్ళే. శుక్రవారం సాయంత్రం బల్లమీద ముక్కలు రెండూ పక్కపక్కన ఉన్నాయి. కప్పు చెవి విరిగితే మనమేం చేస్తాం? చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది. కిర్రుమని చిన్న చప్పుడు. మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే గీతలుండాల్సిన చోట నున్నటి మెరుపు.

ఆ వారమే నా వీసా ఎక్స్‌టెన్షన్ లెటర్ ఆయన సంతకం కోసం వెళ్ళింది. ఇంట్లో మావారు, "లెటర్ సైన్ చేశాక చెప్పొచ్చుగా. నాలుగు రోజులు ఆగితే ఏం పోతుంది?" అన్నారు.

"ఈలోగా రిపోర్ట్ వెళ్ళిపోతుంది. గీతలు లేవంటే మెకానిక్‌దే తప్పని తేలుతుంది" అన్నాను.

సోమవారం పెద్దాయన ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. తలెత్తారు.

"పిన్ను ముక్కలు కలిపాను."

ఆయన మొహంలో రక్తం లేకుండా పోయింది. కోపమనుకున్నాను. "ఎందుకు చెప్పావు? నాకు తెలిసేది కాదు" అన్నారు.

"నాకు తెలుసు కదా" అన్నాను.

రిపోర్ట్ మొదటి పేరాలోనే అది రాయమన్నారు. నా పేరు రాస్తే కొట్టేసి తన పేరు రాశారు. "ల్యాబ్ నాది" అన్నారు. మధ్యాహ్నం వీసా లెటర్ సంతకం పెట్టి ఆయనే నా బల్ల దగ్గరికి తెచ్చిచ్చారు. ఆ తర్వాత రెండు వారాలు ఇద్దరం ఆ పిన్నునే పట్టుకు కూర్చున్నాం. చివరికి ఒక అంచున కందిగింజంత చోటు ఒరుసుకోకుండా మిగిలి ఉండటం కనిపించింది. అందులో గీతలున్నాయి, వాటి మధ్య పాత తుప్పుంది. పిన్ను ఎప్పటినుంచో లోలోపల చీలుతూనే ఉంది. మెకానిక్ తప్పేం లేదు. లిఫ్ట్ కంపెనీ మళ్ళీ మాకు పనివ్వలేదు. ఆయన ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.

పోయిన చలికాలం ఆయన ఉంటున్న వృద్ధుల హోమ్‌కి వెళ్ళినప్పుడు, ఇన్నేళ్ళూ మనసులో నానుతున్న ప్రశ్న అడిగేశాను. నా తప్పు మీరెందుకు నెత్తిన వేసుకున్నారు, అని.

కిటికీ వైపు చూస్తూ చెప్పారు. "నాకప్పుడు ఇరవై రెండు. మిల్లులో క్రేన్ గొలుసు తెగింది. ముక్కలు ల్యాబ్‌కి తీసుకెళ్ళమని నాకిచ్చారు. దారిలో కలిపి చూశాను."

"తర్వాత?"

"గీతలేం కనపడలేదన్నారు. క్రేన్ నడిపినతను ఎక్కువ బరువెత్తాడని రాశారు. అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. నేను నోరు విప్పలేదు." కిటికీ మీంచి చూపు తిప్పకుండానే అన్నారు: "అతను మా వీధిలోనే ఉండేవాడు. నేను పనికెళుతుంటే రోజూ గుమ్మంలోంచి పలకరించేవాడు."

ఆయన్ని ఓదార్చే అర్హత నాకు లేదనిపించింది. ఆయన మీద అంత ప్రేమ మాత్రం అంతకుముందెప్పుడూ కలగలేదు.

ఆయన దుప్పటి మీద రెండు పిడికిళ్ళూ బిగించి, ఒకదానికొకటి మెల్లగా దగ్గరికి తెచ్చారు. ఇంకో వెంట్రుకవాసి ఉందనగా ఆపేశారు. ఆ చేతులు అలాగే ఉన్నాయి, ఒకదాన్నొకటి తాకకుండా.