ఇంగ్లీషోళ్ల జహాజు, నది నడిమి నాయిన

ఇప్పటిదాక నేను ముంచినన్ని యుద్ధనౌకలు ఏ దేశపు సైన్యమూ ముంచి ఉండదు. అన్నీ నావే. నేనే గీసినవి, నేనే పేర్లు పెట్టినవి. శత్రువు దాక పోయే అవసరమే రాలేదు, రేవు దాటకముందే ఒరిగి బోర్లపడ్డయి. దీనికి తోడు నాకు ఈత రాదు, సముద్రం చూడలేదు. మక్తల్‌ల నా వెల్డింగ్ షాపు నుంచి ఏ సముద్రానికి పోవాలన్నా ఒక పగలంతా బస్సుల కూసోవాలె.

చదువు ఎనిమిదో తరగతిల ఇడిసిపెట్టిన. బడి ఏమీ బాధపడలే. సార్లు ఆనాడు చాయ్ ఇంకింత రుచిగ తాగిండ్రని విన్న. తర్వాత గేట్లు, కిటికీల గ్రిల్లులు, ట్రాక్టర్ ట్రాలీలు చేసుడు నేర్చుకున్న. తెలంగాణ వచ్చినంక ఊర్లల్ల కొత్త ఇండ్లు లేచినయి, గేట్లకు గిరాకి పెరిగింది, నా చేతికి పెద్ద ఫోనొచ్చింది. ఆ ఫోన్‌లనే ఒకనాడు ఇంగ్లీషోళ్ల పాత యుద్ధనౌకల వీడియో చూసిన. నేను ఖరాబైంది ఆడ్నే.

బ్యాటిల్‌క్రూజర్ అని ఒక రకం జహాజు ఉండేది. నూరేండ్ల కింద ఇంగ్లీషోళ్లు కట్టిండ్రు. ఫిరంగులు పెద్ద యుద్ధనౌకకు ఉండేటంతటివే, ఉరుకుడు దానికంటె ఎక్కువ. ఆ ఉరుకుడు కోసం ఇనుప కవచం పలుచగ చేసిండ్రు. అది కొట్టగలదు, ఉరకగలదు, దెబ్బ మాత్రం తినలేదు. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయినంక పెద్ద దేశాలన్ని కూడి, ఇంత పొడుగు ఇంత బరువు దాటి కట్టొద్దని ఒప్పందం రాసుకున్నయి. ఇంగ్లీషోళ్లు కాయితం మీద గీసుకున్న జహాజులు కాయితం మీదనే ఆగిపోయినయి. ఆ ఒప్పందమే లేకుంటె వాళ్లు ఎసొంటిది కట్టేటోళ్లు? అది తేల్చుడు నా పని. వాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు.

ఒక పాత కంప్యూటర్ తెచ్చుకున్న. దాంట్ల పైసలు లేకుంట ఫుకట్‌ల దొరికే ప్రోగ్రాం ఒకటి వేసుకున్న. పొడుగు, వెడల్పు, కవచం మందం, ఫిరంగులెన్ని, ఎంత జోరుగ ఉరకాలె, ఇవన్ని నింపితె జహాజు తేలుతదో బోర్లపడుతదో అదే చెప్తది. నేను గేట్లు చేసేటోన్ని, సన్నం రేకు వేస్తనంటె నా మనసొప్పదు. కవచం మందం పెంచుత, ఉరుకుడు తగ్గుతది. ఇంజన్లు పెంచుత, జహాజు పొడుగైతది. పొడుగైతె కప్పడానికి మళ్ల కవచం చాలదు. నా భార్య చాయ్ తెచ్చి పెట్టి, మనల్ని ఏలి పోయినోళ్లకు ఇంక ఊడిగం ఎందుకు చేస్తున్నవని అడిగేది. ఊరందరికి గేట్లు చేసి మనింటికి తడక తలుపు పెట్టినవు గద, ఆ సంగతి కూడ నీ ఇంగ్లీషోళ్లకు చెప్పు అనేది.

మా నాయినది గొర్ల మంద. అందరి తీరు ఆయన గొర్లను ఎనుక నుంచి తోలడు. తను ముందట నడుస్తడు, అవి ఎనుక వస్తయి. పిల్లలప్పటి నుంచి వాటికి అట్లనే అలవాటు చేసిండు. రోడ్డు అడ్డమొచ్చినా, కాలువ అడ్డమొచ్చినా, ఆయన దిగితె అవి దిగుతయి. ఈ ముచ్చట మా ఊర్ల గొప్పగ చెప్పుకునేటోళ్లు.

ఎండకాలం కృష్ణల నీళ్లు తగ్గినంక నది నడుమ దీవుల తీరు గడ్డలు తేలుతయి. మా చేన్లల్ల గడ్డిపోచ దొరకనప్పుడు ఆ గడ్డల మీద పచ్చగ ఉంటది. మా దిక్కు కాపర్లు మోకాలెత్తు నీళ్లల్ల మందను దాటించి, వానలు పడేదాక ఆణ్నే ఉంటరు. ఒక ఏడు నాయిన అట్లనే మందను తీసుకపోయినంక మాకు వాన సుక్క పడలే, ఎగువన మాత్రం దంచికొట్టింది. పైన డ్యాం గేట్లు ఎత్తిండ్రన్న కబురు నాకు చేరేసరికి నది రెండు పాయలూ నిండి పారుతాంది. నాయిన మందతోని గడ్డ మీదనే ఉన్నడు.

షాపుకు తాళం కూడ వెయ్యకుంట ఒడ్డుకు ఉరికిన. ఎర్రటి నీళ్ల నడుమ జర్రంత మన్ను, దాని మీద మంద, మంద నడుమ ఆయన గొంగడి. మా నది మీద తిరిగేది పుట్టి ఒక్కటే. వెదురుతోని అల్లిన గుండ్రటి పడవ అది. పుట్టి నడిపే పెద్దమనిషి నీళ్లను జరసేపు చూసి, మనిషినైతె తెస్త, గొర్లను తేలేను, ఇంకింత పెరిగితె మనిషిని కూడ తేలేను అన్నడు. నేను నాయినకు ఫోన్ చేసిన.

"నాయినా, పుట్టి వస్తాంది. ఎక్కి రా."

"నేనెక్కితె ఇవి నా ఎనుక నీళ్లల్ల దుంకుతయి కొడుకా. తిప్పి పంపు."

కట్టేసి రమ్మన్న. ఇన్నిటికి తాడెక్కడిది, గుంజ ఎక్కడిదని అడిగిండు. అయినా నేను పుట్టిని పంపిన. పుట్టి పోయింది, వట్టిగ వచ్చింది. ఆ తర్వాత నీళ్లు పెరిగినయి, పెద్దమనిషి పుట్టిని ఒడ్డు మీదికి గుంజి బోర్లేసిండు.

ఇగ చూసుడొక్కటే మిగిలింది. ఆఫీసర్లు వచ్చిండ్రు, వాళ్లు గూడ చూసిండ్రు. ఒడ్డు మీద ఒకాయన నా దిక్కు తిరిగి, నీ దగ్గర పెద్ద పెద్ద జహాజులు ఉంటయి గదనయా అన్నడు. ఎక్కిరించి అనలే, నిజంగనే ఏదో ఒక ఉపాయం తెలిసి ఉంటదని అడిగిండు. నేను తువ్వాల నోటికి అడ్డం పెట్టుకొని కూసున్న.

నాయిన దగ్గర చిన్న ఫోనుండె. చార్జింగ్ అయిపోతదని బంద్ పెట్టి, మధ్య మధ్యల తెరిచేటోడు. నీళ్లంచున కట్టె పాతిన, అది మునిగింది, ఇంకింత ఎనుకకు పాతిన అని చెప్పిండు. అంతల ఆయనే మాట మార్చిండు.

"నీ జహాజు ఏమాయె?"

"ఇంక ఒరుగుతనే ఉన్నది నాయినా. పైన బరువెక్కువైంది."

"తీసెయ్యి మరి."

"ఏది తీయాల్నో తెలుస్తలేదు."

ఆయన ఊ కొట్టిండు. ఆ తర్వాత ఆ ఫోన్ మళ్ల కలవలే.

మర్నాడు పగటి పూట నీళ్లు పెరుగుడు ఆగింది. ఎవరూ ఏం చెయ్యలే. నది తనంతట తాను పెరిగింది, తనంతట తాను ఆగింది, ఎవ్వరినీ అడగకుంట దిగింది. పుట్టి పోయి ఆయనకు సద్దిమూట ఇచ్చి వచ్చింది. నడుమెత్తు నీళ్లు అయ్యేదాక ఆయన గడ్డ దిగలే. దిగిననాడు ముందట ఆయన, ఎనుక మంద, ఎట్ల పోయినోళ్లు అట్లనే వచ్చిండ్రు. కొన్ని గొర్రెపిల్లలు మాత్రం సచ్చిపోయినయి. నాయినకు దవాఖానల సెలైన్ ఎక్కించి ఇంటికి తెచ్చినం.

నేను భయపడిన భయమంతా నాకు ఇంటికొచ్చినంక కోపమై ఎక్కింది. ఆయన మంచం మీద పండుకొని ఉండె, నేను కంప్యూటర్ ముందట. ఒడ్డు మీద మేము నీ సావు చూసినం, గొర్లు పోతె పోయినయని ఇడిసి రావద్దా అని గట్టిగనే అడిగిన. నాయిన మెడ తిప్పి, తెర మీద పక్కకు ఒరిగి ఉన్న నా బ్యాటిల్‌క్రూజర్‌ను చూసిండు.

"లేని జహాజునే నువ్వు ఇడుస్తలేవు. ఉన్న గొర్లను నేనెట్ల ఇడుస్తరా?"