గుర్తింపు కార్డులో పక్కవాడి చెవి

మొన్న మా కోడలు వంటింట్లో వెనిగరు సీసా ఒలకబోసింది. ఇంట్లో అందరూ పరుగున వెళ్లి కిటికీలు తెరిచారు. నేనొక్కణ్ణే గుమ్మంలో నిలబడి గుండెల నిండా పీల్చాను. నా ఆరోగ్యం గురించి వాళ్లకున్న అనుమానాలు కొంచెం బలపడినట్టున్నాయి. నాకది సంగారెడ్డిలో ఫోటోలు కడిగే చీకటిగది వాసన. ఆ గది లింగన్నది.

డెబ్బయిల మొదట్లో తెనాలి నుంచి బి.ఏ. పట్టా, ఒక పరుపుచుట్టా పట్టుకొచ్చి పటాన్‌చెరు దగ్గర కొత్తగా పెట్టిన ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరాను. అప్పటికింకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. అంటే, మేనేజరుగారు నవ్వినప్పుడు నవ్వాలి, నవ్వనప్పుడు ఎందుకు నవ్వలేదో ఆలోచించాలి. నాకప్పగించిన మొదటి పెద్ద పని గుర్తింపు కార్డులు. పక్క ఊరు కర్దనూరు నుంచి కొత్తగా తీసుకున్న కార్మికులకు ఫోటోలు తీయించి, సోమవారానికల్లా కార్డులు సిద్ధం చేయాలి. కార్డు లేనివాణ్ణి గేటు దాటనివ్వరు. పని చక్కగా జరిగితే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. జరగకపోతే ఏమిటన్నది వాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు.

సంగారెడ్డి కోర్టు దారిలో స్టూడియో నడిపే లింగన్నను మాట్లాడుకున్నాను. నాకంటే చాలా పెద్దవాడు. చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ ఆయనే తీసేవాడు. తాళి కట్టే సమయానికి పెళ్లికొడుకును వదిలేసి పందిరి మీద వాలిన పాలపిట్టను తీశాడన్న కథ విన్నాను గాని నమ్మలేదు. నిజానికి ఆయనకు పిట్టల పేర్లు పెద్దగా తెలియవు. మీసంలా కనిపించేదేదైనా ఉంటే మేనమామ, ఆగకుండా అరుస్తుంటే వదిన. ఆయన పక్షిశాస్త్రమంతా చుట్టరికాలే.

ఆదివారం పొద్దున్నే కర్దనూరు బడి ముందు అందరూ వరసగా నిలబడ్డారు. పెళ్లినాటి చొక్కాలు, కొత్త తలపాగాలు. ఒకే దువ్వెన చేతులు మారుతోంది. లింగన్న మాత్రం లేడు. వెతికితే బడి వెనక కుంటగట్టు మీద బోర్లా పడుకుని కనిపించాడు. ఎదురుగా తుమ్మకొమ్మ మీద లకుముకి పిట్ట. నేను గొంతు సవరించుకున్నాను.

"జెర సప్పుడు జెయ్యకు సారూ," అన్నాడు తల తిప్పకుండానే.

జనం ఎదురుచూస్తున్నారని చెప్పాను. నా ఉద్యోగం సంగతీ చెప్పాను.

"పిట్ట ఆగుతదా? మనిషైతే ఆగుతడు. అందుకే ముందుగాల పిట్ట."

కాలేజీలో నేను చదివిన తర్కశాస్త్రంలో ఈ పాఠం లేదు. పిట్ట నీళ్లలో పడి చేపతో లేచింది, మళ్లీ పడింది. లింగన్న తీస్తూనే ఉన్నాడు. ఫిల్ము దొరకడమే గగనమైన రోజులవి. తీరా వరస దగ్గరికొచ్చి చూసుకుంటే నాలుగైదు ఫోటోలకు సరిపడా మిగిలింది.

నేను వరసలో తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. లింగన్న మాత్రం అందరినీ భుజానికి భుజం ఆనించి గుంపులు కట్టించాడు. గుంపుకొక ఫోటో తీసి, పెద్దది చేసి, కత్తెరతో ఎవరి ముఖం వారికి పంచుతానన్నాడు. ఆ వరసలో మల్లారెడ్డి పటేలు కూడా ఉన్నాడు. ఫ్యాక్టరీకి తన పొలమే అమ్మి, అక్కడే వాచ్‌మన్‌గా చేరుతున్న పెద్దాయన.

"ఏంది లింగా, బర్రెలను తోలినట్టు తోలుతున్నవ్?"

"బర్రెలైతే గిట్ల కదులవు పటేలా."

సోమవారం మేనేజరుగారు ఒక కార్డును వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు.

"ఏమయ్యా, ఈ మనిషికి చెవులెన్ని?"

"రెండేనండి. మూడోది పక్కాయనది."

"మరి ఆ పక్కాయనకు?"

"ఆయన కార్డులో ఒకటి తగ్గిందండి."

కార్డులు చెల్లాయి, నేను చెల్లలేదు. నా ప్రొబేషన్ పొడిగించి, రోజూ తెల్లవారుజామునే గేటు దగ్గర నిలబడి చెవులు ఎవరివో సరిచూసే పని అప్పగించారు. లింగన్న కుంటకు వెళ్తూ అక్కడ సైకిలు ఆపేవాడు. జరిగినదానికి చింతిస్తున్నట్టు ఏనాడూ కనిపించలేదు. "గా తీగ మీద సూడు సారూ," అనేవాడు. నాకు తీగే కనిపించేది. కొన్నాళ్లకు తీగ మీద ఏదో ఉందని తెలిసింది. చలికాలం వచ్చేసరికి, మా పొగగొట్టం పక్కనుంచి బాతుల బారు దాటుతుంటే నేనే పటేలును మోచేత్తో పొడిచి చూపించాను. ఒకరోజు లింగన్న కెమెరా నా చేతికిచ్చాడు. ఆయన చీకటిగదిలో ఇద్దరం కడిగి చూస్తే, నా మొదటి ఫోటోలో ఒక తోక పడింది.

"తోకన్న దొరికింది. నాకు మొదట్ల ఉత్త కొమ్మే దొరికేది," అన్నాడు. అంతకు మించి ఆయన ఎవరినీ మెచ్చుకోగా నేను వినలేదు.

చివరికి ఉద్యోగం ఖాయమైంది. లోపల కిటికీలేని గదిలో బల్ల, కుర్చీ, తలమీద ఫ్యాను. నన్ను గేటు దగ్గరే ఉంచమని వేడుకున్నాను. మేనేజరుగారు కళ్లద్దాలు తీసి, ఇంటి దగ్గర అందరూ కులాసానా అని మెల్లగా అడిగారు. నా కోరిక మన్నించారు. ఆ తర్వాత నా పదోన్నతులు కూడా అంతే మెల్లగా నడిచాయి.

లింగన్న పోయి చాలా కాలమైంది. నాకు మిగిల్చినది ఒక చెడ్డ అలవాటు: ఎక్కడ వరసలో నిలబెట్టినా నా చూపు కిటికీ బయటికే పోతుంది. ఈమధ్య బ్యాంకులో నా పేరు పిలుస్తుంటే వినిపించుకోలేదు. బయట ఏసీ పెట్టె మీద ఏదో చిన్న పిట్ట గడ్డిపోచ ఇరికించాలని తంటాలు పడుతోంది. వెనకవాళ్లు విసుక్కున్నారు. కౌంటరులోని అమ్మాయి ఇంకోసారి పిలిచి, నేనెటు చూస్తున్నానో చూసి, కాసేపటికి తనూ కుర్చీలోంచి కొంచెం పక్కకు వంగింది.